రహస్య సంఘాలు, సంఘాల హాస్టళ్లు: దానం ఎవరి గడప దాకా వస్తోంది?

ఎస్‌ఎస్‌ఎల్‌సీ, పీయూసీ ఫలితాలు వచ్చిన వారంలో క్యాతగానచెర్లు, తిరుమణి, వల్లూరు వంటి మన పావగడ తాలూకా ఊళ్లలో నలుగురు కూడిన చోటల్లా ఒకటే మాట. పిల్లకో పిల్లవాడికో మార్కులు బాగానే వచ్చాయి, తుమకూరులోనో బెంగళూరులోనో సీటు కూడా దొరికేలా ఉంది, మరి ఉండేదెక్కడ? ప్రైవేటు పీజీలో పెట్టి చదివించే శక్తి అందరికీ ఉండదు. తక్కువ ఖర్చుతో హాస్టల్ దొరికితే చదువు సాగుతుంది. లేకపోతే ఊళ్లోనే ఆగిపోతుంది. ఆ హాస్టల్ కోసం తిరిగేటప్పుడు మార్కుల కంటే ముందు ఎదురయ్యే ప్రశ్న ఇంకొకటి ఉంది: "అక్కడ మీకు ఎవరైనా తెలుసా?"

ఈ "తెలిసినవాళ్లు" అనే వ్యవహారం మన ఒక్కరిదే కాదు. ప్రపంచంలో పెద్ద పేరున్న విశ్వవిద్యాలయాల్లో రెండు వందల ఏళ్లుగా ఇదే నడుస్తోంది. అక్కడ దానికి రహస్య సంఘాలని పేరు. వాటి కథ తెలుసుకుంటే మన సంఘాల హాస్టళ్లు, భాషా మైనారిటీ సీట్లు, కంపెనీల విరాళాలు ఎలా పనిచేస్తున్నాయో కూడా తేటగా కనిపిస్తుంది. పైగా ఆ కథ మొదలయ్యేది మనకు తెలిసిన మద్రాసులోనే.

మద్రాసు గవర్నరు పేరు పెట్టుకున్న కాలేజీ

అమెరికాలోని కనెక్టికట్‌లో 1701లో ఒక చిన్న కాలేజీ మొదలైంది. 1718లో దానికి డబ్బు అవసరమైంది. కాటన్ మాథర్ అనే మతబోధకుడు కాలేజీ తరఫున లండన్‌లో ఉన్న ఎలీహు యేల్‌కు ఉత్తరం రాశాడు. ఈ యేల్ ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా 1672లో మద్రాసు వచ్చి, 1687 నుంచి 1692 వరకు సెయింట్ జార్జి కోటకు గవర్నరుగా చేసినవాడు. కంపెనీ పదవిని సొంత లాభానికి వాడుకున్నాడన్న ఆరోపణలపై పదవి పోయింది. అయినా ఇంగ్లండుకు తిరిగి వెళ్లేనాటికి గొప్ప సంపన్నుడయ్యాడు.

యేల్ కాలేజీకి తొమ్మిది మూటల సరుకు, 417 పుస్తకాలు, మొదటి జార్జి రాజు చిత్రపటం పంపాడు. సరుకు అమ్మితే సుమారు 560 పౌండ్లు వచ్చాయి. అతని సంపదలో అది చిన్న భాగమే. కానీ ఆ దానానికి బదులుగా కాలేజీకి అతని పేరు పెట్టారు. అదే ఇవాళ్టి యేల్ విశ్వవిద్యాలయం. 2024 నాటికి దాని మూలనిధి 4,100 కోట్ల డాలర్లు దాటింది.

ఆ సంపద ఎక్కడిది? అప్పటి మద్రాసు వ్యాపారానికి ప్రాణం బట్ట. తీరం పొడవునా తెలుగు, తమిళ నేతగాళ్లు నేసిన బట్టను వర్తకులు కూడగట్టి కంపెనీకి ఇచ్చేవారు. బేరి తిమ్మన్న, కాశీ వీరన్న వంటి తెలుగు వర్తకులు ఆ శతాబ్దంలో కంపెనీకి ముఖ్యమైన సరుకుదారులు. బట్టతో పాటు మనుషులను కూడా బానిసలుగా ఓడలెక్కించిన కాలం అది. యేల్ విశ్వవిద్యాలయం తన తొలినాళ్లలో బానిసత్వంతో ఉన్న సంబంధాలకు 2024 ఫిబ్రవరిలో అధికారికంగా క్షమాపణ చెప్పింది.

దానం చేసినవాడి పేరు మూడు వందల ఏళ్లుగా భవనాల మీద ఉంది. మగ్గం మీద కూర్చున్నవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. దాత ఎవరు, ఎంత ఇచ్చారు అన్నది అందరూ చెబుతారు. డబ్బు ఎవరి కష్టం నుంచి వచ్చింది, ఎవరికి చేరింది అని అడిగేవాళ్లు తక్కువ. దానధర్మాల లెక్క చూసేటప్పుడు ఈ రెండు ప్రశ్నలు వదిలిపెట్టకూడదు.

రహస్య సంఘం పనిచేసే తీరు

అమెరికా కాలేజీల్లో విద్యార్థులు గుంపులుగా కట్టుకున్న సంఘాల్లో బాగా పాతది ఫై బీటా కప్పా. వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో 1776 డిసెంబరులో పుట్టింది. మొదట్లో అది రహస్య సంఘమే. ప్రమాణాలు, గుర్తులు, సభ్యులు మాత్రమే తెలుసుకునే పద్ధతులు ఉండేవి. 1831లో హార్వర్డ్ శాఖ ఆ రహస్యాన్ని వదిలేసింది. తరవాత తరవాత అది బాగా చదివినవాళ్లకు ఇచ్చే గౌరవంగా మారిపోయింది.

మరుసటి ఏడాది, 1832లో, యేల్‌లో విలియం హంటింగ్టన్ రసెల్, ఆల్ఫాన్సో టాఫ్ట్ అనే విద్యార్థులు స్కల్ అండ్ బోన్స్ అనే కొత్త సంఘం పెట్టారు. అది రహస్యాన్నే పట్టుకుంది. పద్ధతి ఇలా ఉంటుంది. ఏటా 15 మందిని మాత్రమే తీసుకుంటారు. దరఖాస్తు ఉండదు. ఈ ఏటి సభ్యులే వచ్చే ఏటి సభ్యులను ఎంచుకుని పిలుస్తారు. ఎందుకు పిలిచారో, ఎందుకు పిలవలేదో ఎవరికీ చెప్పరు. కలుసుకోవడానికి వాళ్లకు సొంత భవనం ఉంది. దాన్ని "సమాధి" అంటారు. ఆస్తిపాస్తులు చూసుకోవడానికి పూర్వవిద్యార్థుల ట్రస్టు ఉంది.

పదిహేను మంది కుర్రాళ్లు ఒక గదిలో కూర్చుని మాట్లాడుకుంటే లోకానికి వచ్చే నష్టమేమిటి అని అనిపించవచ్చు. ఫలితం చూడండి. స్థాపకుడు ఆల్ఫాన్సో టాఫ్ట్ కొడుకు విలియం హోవర్డ్ టాఫ్ట్ ఆ సంఘం సభ్యుడు. ఆయన అమెరికా అధ్యక్షుడయ్యాడు, తరవాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కూడా అయ్యాడు. తండ్రీకొడుకులైన జార్జి బుష్‌లిద్దరూ సభ్యులే, ఇద్దరూ అధ్యక్షులే. 2004 ఎన్నికల్లో ఒకవైపు జార్జి డబ్ల్యూ బుష్, మరోవైపు జాన్ కెర్రీ. ఎవరు గెలిచినా స్కల్ అండ్ బోన్స్ సభ్యుడే అధ్యక్షుడు. ఒక కాలేజీలో ఏటా 15 మందిని తీసుకునే సంఘం అది.

ఆ గదిలో ఏవో మంత్రతంత్రాలు జరుగుతాయని కథలు చాలా ప్రచారంలో ఉన్నాయి. వాటి జోలికి పోనక్కర్లేదు. జరిగేది మామూలు పనే. ఇరవై ఏళ్ల వయసులో కలిసిన స్నేహితులు నలభై ఏళ్ల వయసులో ఒకరికొకరు ఫోను చేసుకోగలుగుతారు. ఉద్యోగం, పెట్టుబడి, ఎన్నికల చందా, పిల్లల సీటు, అన్నీ ఆ ఫోనులో సాగుతాయి. బయటివాడికి ఆ నంబరు ఉండదు.

ఈ సంఘంలోకి ఆడవాళ్లను తీసుకోవడానికి కూడా పెద్ద గొడవే జరిగింది. యేల్‌లో ఆడపిల్లలు 1969 నుంచి డిగ్రీ చదువుతున్నారు. 1991లో విద్యార్థి సభ్యులు తమ తరవాతి జట్టుకు ఆడపిల్లలను కూడా ఎంచుకుంటే, పూర్వవిద్యార్థుల ట్రస్టు "సమాధి" తాళాలు మార్చేసింది. విషయం కోర్టు దాకా వెళ్లింది. చివరికి సభ్యుల ఓటుతో ఆడవాళ్లకు ప్రవేశం దొరికింది. లోపల ఉన్న కుర్రవాళ్లు తలుపు తెరుద్దామన్నా, డబ్బు పెట్టిన పెద్దలు తాళం వేయగలిగారన్నది ఇందులో గమనించాల్సిన విషయం.

అమెరికాలో చాలా ప్రైవేటు విశ్వవిద్యాలయాలు పూర్వవిద్యార్థుల పిల్లలకు ప్రవేశాల్లో మొగ్గు చూపుతాయి. విరాళాలిచ్చే కుటుంబాలు దూరం కాకూడదన్నది దానికి చెప్పే కారణాల్లో ఒకటి. 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకునే పద్ధతిని కొట్టేసింది. పూర్వవిద్యార్థుల పిల్లలకిచ్చే మొగ్గును మాత్రం ఆ తీర్పు తాకలేదు.

బయట ఉన్నవాళ్లు కట్టుకున్న సంఘాలు

ఇప్పుడు మన వైపు చూద్దాం. మైసూరు సంస్థానంలో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సర్కారు కొలువుల్లో, పై చదువుల్లో బ్రాహ్మణులదే పైచేయి. మిగతా కులాలవాళ్లు ఊరి నుంచి బెంగళూరుకో మైసూరుకో చదువుకు వెళ్తే అద్దెకు గది దొరికేది కాదు, భోజనానికి చోటు దొరికేది కాదు. ఆ కష్టం నుంచే సంఘాలు పుట్టాయి. 1905లో లింగాయతుల విద్యానిధి, 1906లో ఒక్కలిగర సంఘం ఏర్పడ్డాయి. 1918లో నాల్వడి కృష్ణరాజ ఒడెయరు సర్ లెస్లీ మిల్లర్ అధ్యక్షతన కమిటీ వేశారు. వెనుకబడిన వర్గాలకు కొలువుల్లో, చదువులో అవకాశాలు పెంచాలని 1919లో ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. రిజర్వేషన్ల చరిత్రలో దేశంలోని తొలి అడుగుల్లో అదొకటి.

అదే 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ మొదలైంది. తరవాత నగర కొత్వాలుగా పేరు తెచ్చుకున్న రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి దానికి ప్రాణం పోశారు. నిజాం రాజ్యంలో పల్లెల నుంచి వచ్చే తెలుగు పిల్లలకు నగరంలో నిలువ నీడ లేని రోజులవి. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి కొంతకాలం ఆ హాస్టల్ బాధ్యతలు చూశారు. అక్కడ ఉండి చదువుకున్నవాళ్లలో రావి నారాయణరెడ్డి ఒకరు. ఆయన హరిజన విద్యార్థుల కోసం హాస్టళ్లు నడిపారు, తెలంగాణ రైతాంగ పోరాటానికి నాయకుడయ్యారు, 1952లో నల్లగొండ నుంచి లోక్‌సభకు భారీ ఆధిక్యంతో గెలిచారు. ఒక కులం పేరుతో కట్టిన హాస్టల్ నుంచి వచ్చి, ఆ కులంలోని భూస్వాముల మీదే పోరాడిన మనిషి ఆయన.

కాబట్టి సంఘాల హాస్టళ్లను, స్కల్ అండ్ బోన్స్‌ను ఒకే గాటన కట్టకూడదు. అక్కడ లోపల ఉన్నవాళ్లు తమ చోటు కాపాడుకోవడానికి సంఘం పెట్టుకున్నారు. ఇక్కడ బయట ఉన్నవాళ్లు లోపలికి రావడానికి పెట్టుకున్నారు. మన తాలూకా నుంచి డాక్టర్లు, ఇంజినీర్లు, టీచర్లు అయినవాళ్లలో ఎందరో ఇలాంటి హాస్టళ్ల అన్నం తిన్నవాళ్లే. ఆ మేలు మరిచిపోతే తప్పు.

అయితే వందేళ్లు గడిచాయి. అప్పుడు బయట ఉన్న కులాల్లో కొన్ని ఇప్పుడు భూమి, వ్యాపారం, రాజకీయం మూడింటిలోనూ లోపలే ఉన్నాయి. హాస్టల్ మాత్రం పాత పద్ధతిలోనే నడుస్తుంటే రెండు సమస్యలు వస్తాయి. మొదటిది, ఆ కులంలోనే పేదవాడికి కబురు అందదు. బెంగళూరులో సంఘం పెద్దలతో చుట్టరికం ఉన్నవాడి కొడుక్కి గది దొరుకుతుంది, ఊళ్లో రెండెకరాల మెట్ట ఉన్నవాడి కొడుక్కి దరఖాస్తు తేదీ కూడా తెలియదు. రెండోది, నగరంలో స్థలం, భవనం, ట్రస్టు లేని కులాల పిల్లలకు అసలు తట్టడానికి తలుపే లేదు. మాదిగ, వడ్డె, బోయ, గొల్ల ఇళ్ల పిల్లల్లో చాలామందికి సర్కారు హాస్టలే దిక్కు. పావగడ ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఇక్కడ ఈ మాట చిన్నది కాదు.

రహస్యం అంటే ప్రమాణాలు చేయించుకోవడం, ముసుగులు వేసుకోవడమే కాదు. తెలియాల్సినవాళ్లకు తెలియకపోయినా అది రహస్యమే. బోర్డు పెట్టి, పేరు రాసి, అందరి కళ్లముందే నడిచే హాస్టల్ కూడా దరఖాస్తు సంగతి పదిళ్లకే చెబితే ఆ మేరకు రహస్య సంఘమే అవుతుంది.

తలుపు తెరిచి నడపడం సాధ్యమే

వేరే పద్ధతి కుదరదు అనేవాళ్లకు తుమకూరులోనే జవాబు ఉంది. సిద్ధగంగ మఠం ఒక మతసంప్రదాయానికి చెందిన సంస్థే. అయినా అక్కడ సుమారు పది వేల మంది పిల్లలకు కులమతాలు చూడకుండా అన్నం, వసతి, చదువు ఉచితంగా అందుతున్నాయి. 1941 నుంచి మఠాన్ని నడిపి 2019 జనవరిలో శివైక్యం చెందిన శివకుమార స్వామి ఆ పద్ధతిని నిలబెట్టారు. మఠానికి తన సంప్రదాయం పోలేదు, భక్తులు తగ్గలేదు, విరాళాలు ఆగలేదు. ఊళ్ల నుంచి రైతులు పంపే రాగులు, బియ్యం కూడా ఆ వంటశాలకు చేరాయి.

భాషా మైనారిటీ సీటు ఎవరిది?

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా సంబంధించిన విషయం ఇంకొకటి ఉంది. రాజ్యాంగం 30వ అధికరణం ప్రకారం మతపరమైన మైనారిటీలతో పాటు భాషాపరమైన మైనారిటీలు కూడా విద్యాసంస్థలు పెట్టి నడుపుకోవచ్చు. ఎవరు మైనారిటీ అన్నది దేశం మొత్తంగా కాక రాష్ట్రం వారీగా చూడాలని 2002 అక్టోబరు 31న టీఎంఏ పాయ్ ఫౌండేషన్ కేసులో 11 మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం చెప్పింది. ఆ కేసు కర్ణాటక నుంచి వెళ్లినదే. అలా కర్ణాటకలో తెలుగు భాషా మైనారిటీ కాలేజీలు నడుస్తున్నాయి. వాటిలో తెలుగు మాతృభాషగా ఉన్న విద్యార్థులకు కొన్ని సీట్లు ఉంటాయి.

మన పరిస్థితి ఇక్కడ కొంచెం విచిత్రం. పావగడకు మూడు వైపులా ఆంధ్ర ఉంది. తాలూకాలో ఎక్కువ ఇళ్లలో మాట్లాడేది తెలుగే. తరతరాలుగా ఇక్కడే ఉన్నాం, బడిలో కన్నడంలో చదువుకుంటాం, ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాం. తాలూకాలో ఎక్కువమంది మనమే అయినా రాష్ట్రం లెక్కలో మైనారిటీ. ఆ మైనారిటీ హక్కు పేరుతో నగరంలో వచ్చిన సీటు క్యాతగానచెర్లు పిల్లకు కూడా చెందుతుంది. కానీ అలాంటి సీట్లు ఉన్నాయన్న సంగతే చాలా ఇళ్లకు తెలియదు. బడి రికార్డులో "మాతృభాష" అన్న చోట ఏం రాశారో కూడా చూసుకోం. సీటు అడిగేనాడు ఆ గడి చూస్తారు. అందరి పేరుతో వచ్చిన హక్కు కొందరికే తెలిసి ఉంటే, దాని ఫలం కూడా కొందరికే దక్కుతుంది.

సోలార్ పలకల కింద కొత్త తేడా

క్యాతగానచెర్లుకు ఈ ప్రశ్న ఇంకో దారిలో కూడా వచ్చింది. బలసముద్రం, తిరుమణి, క్యాతగానచెర్లు, వల్లూరు, రాయచెర్లు, ఈ ఐదు ఊళ్ల భూముల్లో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. 2018 మార్చి 1న మొదలైంది. రైతులు భూమి అమ్మలేదు, 28 ఏళ్లకు కౌలుకిచ్చారు. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి రెండేళ్లకోసారి 5 శాతం పెంచే ఒప్పందం. వరుస కరవులు చూసిన తాలూకాలో వేరుశనగ మీద వచ్చేదానికంటే ఈ రాబడి నికరం.

ఇరవై ఎకరాలిచ్చిన ఇంటికి ఈ కౌలుతో పిల్లలను బెంగళూరులో చదివించే శక్తి వచ్చింది. భూమిలేని కూలి ఇంటికి కౌలు రాదు, ఆ పొలాల్లో ఉన్న కూలి పని కూడా పోయింది. పక్కపక్క ఇళ్ల పిల్లల మధ్య కాలేజీ దారి ఇప్పుడు భూమిని బట్టి విడిపోతోంది.

ఇక్కడే కంపెనీల దానం సంగతి వస్తుంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. తాము పనిచేసే ప్రాంతానికి మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. ఆమోదించిన పనుల వివరాలు కంపెనీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందువల్ల ఆ డబ్బు వచ్చినప్పుడు కంపెనీ మనకు ఉపకారం చేసిందని తలవంచుకుని నిలబడక్కర్లేదు. ఫోటోలో ఎవరు నిలబడ్డారన్నది కాదు, బడిలో ఏం మారింది, ఏ ఇంటి పిల్లకు ఫీజు కట్టారు అన్నది అడగవచ్చు. అలా అడగడం కృతఘ్నత కాదు.

మన వంతు ఏమిటి

పెద్ద ఉద్యమం అక్కర్లేదు. ఈ పనులు ఇంటి స్థాయిలో, ఊరి స్థాయిలో చేయగలిగినవే.

పదో తరగతికి ముందే పిల్లల బడి రికార్డులో మాతృభాష ఏమని ఉందో చూసుకోండి. తెలుగు అయితే తెలుగు అనే ఉండాలి.

సర్కారు హాస్టళ్లు, విద్యార్థి వేతనాలకు ఆన్‌లైన్‌లో ఎప్పుడు దరఖాస్తు చేయాలో బడి హెడ్‌మాస్టరును అడిగి, గ్రామ పంచాయితీ గోడ మీద రాయించండి. స్టేట్ స్కాలర్‌షిప్ పోర్టల్ తేదీ దాటితే తరవాత ఎవరి సిఫారసూ పనిచేయదు.

మీ సంఘానికి చందా ఇస్తున్నారా? అయితే నాలుగు ప్రశ్నలు అడిగే హక్కు మీకు ఉంది. హాస్టల్‌లో మొత్తం పడకలు ఎన్ని? ఏ నియమం ప్రకారం ఇస్తారు? ఈ ఏడు ఏ తాలూకా నుంచి ఎంతమంది చేరారు? పేద ఇళ్ల పిల్లలకు, ఇతర కులాల పిల్లలకు ఎన్ని ఉంచారు? జవాబు కాగితం మీద ఇవ్వమనండి. కాగితం మీద పెట్టలేని నియమం ఉంటే దాన్ని మార్చుకోవాల్సింది సంఘమే.

ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థలో కులం, మతం, జాతి, భాష కారణంగా మాత్రమే ప్రవేశం నిరాకరించకూడదని రాజ్యాంగం 29వ అధికరణం చెబుతోంది. సర్కారు శాఖల నుంచి భాషా మైనారిటీ సీట్ల వివరాలు కావాలంటే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఇక ఇప్పటికే చదువుకుని బెంగళూరులోనో, ఇంకా దూరంలోనో స్థిరపడిన మన పిల్లలు చేయదగిన పని అన్నిటికంటే తేలిక. వాళ్లకు ఏ కాలేజీలో ఏ సీటు ఉందో, ఏ హాస్టల్‌కు ఎప్పుడు రాయాలో తెలుసు. ఆ కబురు చుట్టాలకే చెప్పి ఊరుకోకుండా ఊరి బడికి చెప్పాలి. కూలికి వెళ్లే ఇంట్లో బాగా చదివే పిల్ల ఎవరో హెడ్‌మాస్టరుకు తెలుసు. ఆ పిల్ల నంబరు అడిగి తీసుకుని ఒక ఫోను చేస్తే చాలు. స్కల్ అండ్ బోన్స్ సభ్యులకు దొరికినది కూడా అలాంటి ఫోనే. మన పిల్లకు అది సంఘం పేరు అడక్కుండా దొరకాలి.